ఎలుకలకు వేసిన కొసరు

మా కొట్టు ముందు రసం బండివాడు బత్తాయి తొక్కల గంపను మురుగు మోరీ పక్కన బోర్లించినప్పుడల్లా, ఆ చేదు వాసనకు నా చేయి త్రాసు మీదే ఆగిపోతుంది. నల్లగొండలో ఆ వాసనకు కొదవ లేదు. తొంభైలలో అవే తొక్కలను సంచుల్లో తెచ్చి, కాలేజీ మిద్దె మీద ఎండబెట్టి, ఉడికించి సారం తీసిన మనిషి మా రజియా మేడం. జంతుశాస్త్రం చెప్పేది. నేను ఆమె ప్రయోగశాలలో అటెండర్ని. పారేసే తొక్కలో ఒంటి కొవ్వును తగ్గించే గుణం ఉందేమో తేల్చాలని ఆమె పట్టుదల. కిరాణాకొట్లో బెల్లం డబ్బా పక్కన పెరిగిన నా ఒంటికి ఆ మాట మహా రుచించింది.

"ముందుగాల నాకియ్యుండ్రి మేడం, ఎలుకల కంటె అగ్గువకు దొరుకుత" అన్నాను.

"నువ్వు పంజరంల పట్టవు సుజాతా" అని నవ్వింది.

కుడివైపు పంజరాల్లోని ఎలుకలకు సారం కలిపిన నీళ్లు, ఎడమవైపు వాటికి ఉత్త నీళ్లు. డాల్డా కలిపిన దాణా మాత్రం రెండు వైపులా ఒకే తూకం. త్రాసు పట్టడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదని ఆ పని నాకే ఇచ్చింది. నెలలు గడిచాక, చివరిసారి ఎలుకలను తూచిన రోజున కుడివైపువి సన్నగా తేలాయి. ఏళ్ల తరబడి సెలవులన్నీ తొక్కలకే ధారపోసిన మేడం స్టూలు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. ఈ ఫలితం రాసిస్తేనే ఆమెకు డాక్టరేటు. గడువు ఆ ఏడాదితో సరి. ఆ సంతోషంలో నాకూ కొంచెం మెప్పు కావాలనిపించింది.

"ఎడమ దిక్కువాటిని గూడ నేను తక్కువ చెయ్యలె మేడం. మందు లేదు పాపమని, తూకమయినంక రోజూ జర కొసరేసిన."

తూకాల పుస్తకంలో రాయబోతున్న ఆమె కలం ఆగింది. "ఎంత?"

"కొసరునెవలన్న తూకమేస్తరా మేడం?"

అన్నాకే నాకు తెలిసొచ్చింది. ఎక్కువ తిన్నవి లావెక్కాయి. వాటి పక్కన మిగతావి సన్నగా కనిపించాయి. సారం పనిచేసిందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. వెంటనే నాలోని బేరం మనిషి లేచింది. "చిటికెడే గద మేడం. ఎవలికి తెలుస్తది? నేను నోరిప్ప."

"నాకు తెలిసింది గదా."

పేజీ తర్వాత పేజీకి అడ్డగీత కొట్టి, చివర ఏదో రాసింది. నా పేరే అనుకుని తొంగి చూశాను. 'దాణాలో పొరపాటు జరిగింది. ఒకే తూకం ఎందుకో చెప్పకపోవడం నా తప్పు' అని ఉంది.

"తిట్టుండ్రి మేడం" అన్నాను.

"ఓపిక లేదు సుజాతా. చాయ్ పెట్టు."

ఆ వేసవిలో ఆమెను మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. అక్కడ ఎలుకలకు జాగా లేదన్నారు. డాక్టరేటు రాలేదు. కొన్నాళ్లకు నేనూ కొలువు మానేసి నాయిన కొట్లో కూర్చున్నాను.

ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి, నా ఒళ్లు చూసి కూడా, "బత్తాయి తొక్కపొడి తాగితే సన్నబడతరంట, నిజమేనా అక్కా?" అని అడుగుతారు. అవునని చెప్పి పొడి అమ్మడమే తేలిక. "తెల్వదు" అంటాను, అలసటగా. కొసరు వేయడం మాత్రం మానలేదు. కాకపోతే ఎంత వేశానో తెలిసేలా దాన్నీ త్రాసులోనే వేస్తాను. "తూకంల కలిపినంక గదేం కొసరక్కా?" అని గొణుగుతారు. ముల్లు కదలడం ఆగేదాకా నేను జవాబు చెప్పను.