కరెంటు లేనప్పుడు పడిన ఎక్స్‌రే

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఇంట్లో లైటు మిణుకుమంటే అమ్మ దండం పెట్టుకుంటుంది, నేను స్టూలెక్కి హోల్డరు చూస్తాను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది.

చిలకలూరిపేట దగ్గర ఒక కాలేజీ ల్యాబులో మేం చిన్న ఎక్స్‌రే మిషన్ తయారుచేస్తుండేవాళ్లం. దాదాపు కాంతి వేగంతో వచ్చే ఎలక్ట్రాన్లకు ఎదురుగా లేజర్ కొట్టాలి. రెండూ వెంట్రుకకన్నా సన్నని చోట, ఒకే క్షణంలో ఢీకొంటే ఎక్స్‌రేలు పుడతాయి. కాగితం మీద ఎంత సులువో! మా దగ్గర మాత్రం ఒకటి వస్తే ఇంకొకటి రాదు.

దాన్ని వ్యానులో పెట్టుకుని చేలకు తీసుకెళ్లాలని నా ఆశ. గులాబీ పురుగు పట్టినా పత్తికాయ పైకి నవనవలాడుతూనే ఉంటుంది. కోయకుండానే లోపల చూడగలిగితే రైతు బాగుపడతాడు. కానీ ప్రాజెక్టుకు డబ్బులిచ్చేవాళ్లు, వచ్చే వారం తాము పరిశీలనకు వచ్చేసరికి ఒక్క బొమ్మయినా చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు.

ఆ మధ్యాహ్నం మా అన్నయ్య చేలో కోసిన కాయ ఒకటి లోపల పెట్టాం. ఎన్నిసార్లు మీట నొక్కినా ఏమీ పడలేదు. అంతలో కరెంటు కూడా పోయింది. నా ఖర్మ అనుకుని గదికి తాళం వేసి, నేనూ మా టెక్నీషియన్ మస్తాన్ గారూ బయట మెట్ల మీద అన్నాలు తిన్నాం.

తిరిగొచ్చేసరికి ఇంకా కరెంటు రాలేదు. కంప్యూటరూ, బొమ్మ తీసే కెమెరా మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి. తెర మీద పత్తికాయ! గింజలు విడివిడిగా, వాటి మధ్య వంకర తిరిగిన పురుగు.

ఫైలు మీదున్న టైము కరెంటు పోయిన తర్వాతిది. మిషన్‌లో కరెంటు చుక్క లేదని మీటరు పెట్టి చూశాం. పాత బొమ్మేమోనని వెతికాను. మాకు పాత బొమ్మంటూ ఒకటి ఏడిస్తే కదా!

కాయ కోశాను. పురుగు అక్కడే ఉంది. వెంటనే అన్నయ్యకు ఫోన్ చేసి, చేనంతా కాయలు కోసి చూసుకోమన్నాను.

“చూపించెయ్యండి మేడమ్, బొమ్మ బొమ్మే కదండీ!” అన్నారు మస్తాన్ గారు.

“ఎలా వచ్చిందంటే ఏం చెప్పనండీ, కరెంటు పోతే వచ్చిందనా?”

ఆ వారమంతా కాయ మార్చాం, లేజర్ మార్చాం, చివరికి కావాలని కరెంటు తీసేసి కూడా చూశాం. మళ్లీ పడితే ఒట్టు. వచ్చినవాళ్లు అడిగితే, మిషన్ ఇంకా పనిచెయ్యలేదనే చెప్పాను. మూసేశారు. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

అన్నయ్య సమయానికి మందు కొట్టాడు. “చేను దక్కింది అమ్మాయ్, అంతా నీ మిషన్ చలవే” అని ఇప్పటికీ ఊళ్లో అందరికీ చెబుతాడు. అప్పుడు మిషన్ ఆగిపోయి ఉందని ఆయనకు నేనింకా చెప్పలేదు. మరి ఎవరి చలవ అని అడిగితే నాకు తెలియదు.