ఎగువ కుంట కాడ కేక

బయ్యమ్మకు పెండ్లయి ముప్పై ఏండ్లు దాటింది. ఇన్నేండ్లలో మొగుని పేరు ఆమె నోట్లోనుంచి బయటికి రాలేదు. నంద్యాల ఆస్పత్రిలో చీటీ రాసే పిల్ల "మొగుని పేరేందమ్మా" అని అడిగితే, పక్కనున్న కోడలు నాగలక్ష్మిని మోచేత్తో పొడిచి చెప్పించింది గానీ తాను పలకలేదు. తిట్టడానికి మాత్రం ఆ నోటికి ఏ అడ్డమూ లేదు.

వాళ్ల గూడెంలో ఇంకో కట్టుబాటు ఉంది. కొండ మీద ఉత్త కేక వినపడితే ఎవరూ బదులియ్యరు. పేరు పెట్టి పిలిస్తేనే పలకాల. పేరు లేని కేక మనిషిదో, మనిషి కానిదానిదో ఎవరికెరుక. ఈ రెండింటి నడుమ బయ్యమ్మ తనకొక దారి చేసుకొనింది. మొగుడు మద్దయ్య వెంట ఎప్పుడూ కర్రోడు అనే నల్లకుక్క తిరుగుతాది. ఆమె "కర్రోడా" అని కేకేస్తే మద్దయ్య "ఆఁ" అంటాడు. గూడెమంతా నవ్వుతాది. నవ్వితే నవ్వనీ, పండ్లు వాళ్లవే గదా అంటాది బయ్యమ్మ.

ఆ చలికాలం పొద్దు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆళ్లగడ్డలో ఊరగాయలు పెట్టి అమ్మే గుల్జార్‌బీ అడవి ఉసిరికాయలు కావాలనింది. మంచు విడవకముందే మద్దయ్య గంప ఎత్తుకున్నాడు.

"మోకాళ్లు పటపటమంటాండాయి, చెట్లెక్కే వయసా నీది? కింద రాలినవి ఏరకరాపో," అనింది బయ్యమ్మ.

"రాలినవి ఏరేదానికి నువ్వుండావు గదా," అని కర్రోన్ని తోలుకొని పోయినాడు.

మధ్యాన్నం సంగటి చల్లారిపోయింది. మనిషి రాలేదు.

"మామ ఫోను కలుస్తల్లేదత్తా," అనింది నాగలక్ష్మి.

"ఆ కొండలో ఫోనూ రాయీ ఒకటే."

"నేనూ వస్తా పా."

"సంకలో బిడ్డనేసుకొని యాడికి? పొద్దుగూకే లోపల మేము దిగకుంటే నలుగురిని పంపు." చీర ఎగ్గట్టి, చేతికట్టె తీసుకొని, బూరి అనే ఆడకుక్కను వెంటబెట్టుకొని కొండెక్కింది.

దిగువ కుంట ఒడ్డు బురదలో మద్దయ్య చెప్పుల గుర్తులు, పక్కనే కర్రోని అడుగులు కనపడినాయి. ఎక్కినవి ఉండాయి, దిగినవి లేవు. "కర్రోడా" అని కేకేసింది. బదులు లేదు. నడిమి కుంట కాడ ఇంకా గట్టిగా పిలిచింది. పైనుంచి కర్రోడు దూకుతా వచ్చింది, కడుపు దాకా తడిసి, తోక కాళ్ల సందున పెట్టుకొని. దాని వెనక మనిషి లేడు.

"యాడ ఇడిసిపెట్టొచ్చినావురా?"

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. తన కేకే ఆ కుక్కను మొగుని కాడినుంచి లాగేసింది. కాపలా ఉన్న ఒక్క జీవాన్నీ తానే పిలుచుకొనింది.

ఎగువ కుంటకు మూడు పక్కలా బండలే, నాలుగో పక్క ఉసిరిచెట్లు. చెట్టు కింద గంప బోర్లా పడి ఉంది. కాయలు చెల్లాచెదురు. పక్కన పుట్టను ఎవరో గడ్డపారతో తవ్వినట్టు పెద్ద పెద్ద గోళ్ల గీతలు. ఎలుగొడ్డు. కుక్కలు రెండూ వీపు మీద వెంట్రుకలు నిక్కబెట్టి నిలబడిపోయినాయి, ముందుకు అడుగేయవు. అవతల పొదలో ఏదో కదులుతాంది. పొద్దు కొండ వెనక్కి జారుతాంది.

"కర్రోడా" అని మళ్లీ పిలిచింది. కాళ్ల కాడున్న కర్రోడు తలెత్తి, ఈడే ఉండా గదా అన్నట్టు చూసింది.

"ఓయ్," అనింది. ఉత్త కేకకు ఆయన ప్రాణం పోయినా పలకడని ఆమెకు తెలుసు.

"మద్దయ్యా," అనింది. కుక్కలకు తప్ప వినపడలేదు. సిగ్గుతో చెవులు కాలినాయి. కట్టెను గట్టిగా పట్టుకొని, ఊపిరి కడుపు నిండా తీసి అరిచింది. "మద్దయ్యా."

బండలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ పేరే పలికినాయి. అవి సద్దు మణిగినాక, ఎడమపక్క సందులోనుంచి సన్నగా వినపడింది.

"ఈడుండా."

ఆ గొంతు వినేసరికి కుక్కలకు ధైర్యమొచ్చింది. రెండూ ఒక్కసారే మొరుగుతా ఉరికినాయి. పొదలో ఉన్నది కొమ్మలు విరగ్గొట్టుకుంటా అవతలికి దిగిపోయింది. మద్దయ్య రెండు బండల నడుమ కాలు ఇరుక్కొని కూర్చొని ఉన్నాడు. ఎలుగొడ్డుకు జడిసి ఉరికి జారినాడంట. బయ్యమ్మ చేతికట్టె సందులో దూర్చి చిన్నబండను పెకలించింది.

"ఇందాకటినుంచి అరుస్తాండా, చెవుల్లో ఏం పెట్టుకున్నావు?"

"కర్రోడు నన్నిడిసి పాయ. లేని కుక్కను పిలిచేది నువ్వో, ఇంకేదో, నాకెట్ల తెలుస్తాది? అది సరే, నా పేరు పిలిచిందెవరు?"

"ఎవరో. నేను వినలేదు."

"నీ గొంతే."

"గొంతు సంగతి తర్వాత. కాలు ఎత్తు."

చీలమండ ఉబ్బిపోయింది. ఆమె భుజం మీద చెయ్యేసి కుంటుతా దిగినాడు. నడిమి కుంట నీళ్లు అప్పటికే నల్లబడుతాండాయి. ఆడ మద్దయ్య ఆగినాడు.

"ఇంగొక్కసారి అను. ఎవరూ లేరు గదా."

బయ్యమ్మ ఆయన పక్క చూడలేదు. చేతికట్టెతో దారిలోని ముండ్లకంపను పక్కకు తోసింది.

"కర్రోడా, బిరబిరా నడువు," అనింది.

కుక్క ముందుకు దూకింది. భుజం కాడినుంచి మద్దయ్య అన్నాడు, "నడుస్తాండాలే."