రాతిమనిషి మాట పూర్తయ్యేదాకా

ఖాజావలికి రోజుకో కొత్త రూలు పెట్టకపోతే తిన్నది అరగదు. చిలకలూరిపేట మెయిన్ రోడ్డు మీద ఆయనకు పరుపుల కొట్టుంది. పరుపు బేరమాడాలంటే ముందు దాని మీద పడుకోవాలి, అదొక రూలు. పడుకున్నవాడు కళ్ళు మూసుకోవాలి, అదింకోటి. మూసుకున్నవాడు నిద్రపోతే లేపకూడదు. మనవరాలి పెళ్ళికి పరుపు కొందామని వచ్చిన ఒక పెద్దాయన ఈ చివరి రూలు పుణ్యమా అని కొట్లోనే గుర్రుపెట్టి, ముహూర్తానికి అందలేదు.

"లేపొచ్చు కదండీ!" అని పెళ్ళివారు గొడవకొచ్చారు.

"రూలుందండీ," అన్నాడు ఖాజావలి. ఇంకా గట్టిగా అరిస్తే పక్క పరుపు మీదున్నాయన లేస్తాడని గొంతు తగ్గించి మరీ అన్నాడు.

ఇలాంటి మనిషి చేతికి ఒక ఆట దొరికితే ఏమవుతుంది? దొరికింది. గుంటూరులో పాత కాగితాల కొట్టు ముందు, బొమ్మలు బాగున్నాయని ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. నిండా డ్రాగన్లు, కోటలు, కత్తులు. ఒక్కొక్కరూ ఒక్కో వీరుణ్ణి కల్పించుకుని, అందరూ కలిసి కథ నడుపుతూ, చిక్కొచ్చిన చోట ఇరవై ముఖాల పాచిక దొర్లించే ఆట అది. వీరులు మనుషులే కానక్కర్లేదు. బాణాలు వేసే ఎల్ఫులు, గనులు తవ్వే పొట్టి డ్వార్ఫులు, మొరటు బలమున్న ఆర్కులు, ఇలా జాతులున్నాయి. తీరా చూస్తే ఆ జాతుల రూల్సున్న పేజీలన్నీ లేవు. అప్పటికే బజ్జీల బండికి వెళ్ళిపోయాయి.

ఇంకొకరైతే పుస్తకాన్ని అటక మీద పడేసేవారు. ఖాజావలికి లంకెబిందెలు దొరికినట్టయింది. "రూల్సు లేవా? యా అల్లా, ఎంత మంచివాడివి! మనమే పెట్టుకుందాం."

పెట్టాడు. ఎల్ఫులు ఎంత వీరులైనా మిరప కళ్ళం దాటితే తుమ్ములు ఆగక బాణం గురి తప్పాలి. ఈ తుమ్ముల రూలంటే ఆయనకు ప్రాణం. తనే పది రకాలుగా తుమ్మి చూపిస్తాడు. డ్వార్ఫులది దాచేపల్లి, సున్నపురాయి కనబడితే యుద్ధం మానేసి తవ్వాలి. ఆర్కులు పరగడుపున కత్తి పడితే బలం సగమే. సగం ఎల్ఫులకు సాయంత్రం వినుకొండ బస్సు వేళకు శక్తి పోతుంది, ఆట వదిలి లేవాల్సిందే.

"బస్సుకీ శక్తికీ సంబంధమేంటి బాబాయ్?" అంటే, "రూలుందమ్మా," అంటాడు.

ప్రతి ఆదివారం కొట్టు వెనక దూది గదిలో ఈ ఆట సాగేది. జిన్నింగు మిల్లులో పనిచేసే వీరబాబు ఆర్కు. షిఫ్టు దిగి జుట్టునిండా దూదితో నేరుగా వచ్చేవాడు. "తిన్నావా?" అని ఎవరడిగినా "తిన్నా" అనే రకం. అయినా రూలు రూలే కాబట్టి ఖాజావలి భార్య నజ్మీన్ పెట్టిన పలావు తింటేగాని కత్తి ముట్టుకోనిచ్చేవారు కాదు. వినుకొండ నుంచి ఆదివారాలు కంప్యూటరు క్లాసుకొచ్చే శ్రీరమ్య సగం ఎల్ఫు. స్నేహితురాలు ఆరాధనను అక్కడికి లాక్కొచ్చింది ఆ పిల్లే.

ఆరాధన స్పిన్నింగు మిల్లు ల్యాబులో పనిచేస్తుంది. మిల్లు రొదలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, ఆమెకు ఆ ఉద్యోగం నచ్చింది అందుకే. మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. ఆగిందా, ఎదుటివాళ్ళకు ఓపిక ఉండదు, ఆ మాటను వాళ్ళే పూర్తిచేసేస్తారు. అదీ తప్పుగా. కాఫీ అడగబోయి, వద్దని చెప్పేలోపే కారం దోసె ముందుకొచ్చి, తినేసి వచ్చిన రోజులు ఆమెకు చాలా ఉన్నాయి.

మొదటి ఆదివారం ఆటలోనూ అదే జరిగింది. కోట తలుపు మెల్లగా తడదామని ఆరాధన మొదలుపెట్టింది. మాట ఆగింది. సాయం చేద్దామని వీరబాబు, "తన్ని పగలగొడతావు, అంతేగా?" అన్నాడు. కాదనడం ఇంకా కష్టం కనుక తలూపింది. తలుపు పగిలింది, లోపలున్న విషపు పొగకు అందరూ పోయారు. ఇక ఈ గడప తొక్కకూడదనుకుంటూ ఆరాధన ఇంటికెళ్ళింది.

మళ్ళీ ఆదివారం శ్రీరమ్య బతిమాలి లాక్కొచ్చేసరికి ఖాజావలి కొత్త జాతిని తయారుచేసి ఉంచాడు. "రాతిమనుషులు! కొండంత బలం. మాట మాత్రం కొండ లోపల్నుంచి రావాలి కదా, నిదానంగా వస్తుంది. రాతిమనిషి మాట పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే టర్ను పోతుంది. ఎవరిక్కావాలి?"

ఎవరికీ అక్కర్లేకపోయింది. "అయితే కొత్తమ్మాయికి," అన్నాడు. మిగిలిపోయింది తనకు అంటగట్టారని ఆరాధన కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా.

ఆ రూలుకు అందరికంటే ఎక్కువ బలైంది ఖాజావలే. ఆయన నోరు ఊరుకునే నోరా? ఆరాధన మాట మధ్యలో "అద్దీ!" అనేవాడు. "టర్ను పోయింది!" అని అందరూ అరిచేవారు. ఆయన ఆడించే డ్రాగన్ వారం వారం నిప్పు కక్కకుండా ఊరికే నిలబడి వెళ్ళిపోయేది. ఆరాధన మాటలు మాత్రం పెరిగాయి. ఆగినచోట ఆగి, మళ్ళీ బయల్దేరి, చివరిదాకా వెళ్ళేవి.

అలా ఉండగా గుంటూరులో ఒక కాలేజీవాళ్ళు ఈ ఆటకు పోటీ పెట్టారు. "పాచిక వేస్తాను, మా... మాట్లాడను," అన్న షరతు మీద ఆరాధన వచ్చింది. ఊరుకాని ఊళ్ళో, హాలునిండా కొత్తవాళ్ళ ముందు నోరు తెరవాల్సొస్తుందేమోనని ఆమె భయం.

నిర్వాహకుడు కుర్ర లెక్చరరు. "జట్టుకు ఒక్క సొంత రూలు తెచ్చుకోవచ్చు," అన్నాడు. "ఒక్కటే."

ఖాజావలి ముఖం చూడాలి. పెళ్ళి భోజనంలో కూర్చోబెట్టి ఒక్క వంటకమే తినమన్నట్టయింది.

వీరబాబు చెవిలో గొణిగాడు. "అవతల జట్లన్నీ ఎల్ఫులే బాబాయ్! తుమ్ముల రూలు పెట్టు. మధ్యాహ్నానికి కప్పు పట్టుకుని ఇంటికెళ్ళిపోదాం."

ఖాజావలి ఒక నిట్టూర్పు విడిచి, ముక్కు ఒకసారి నిమురుకుని, "రాతిమనిషి రూలండీ," అన్నాడు.

లెక్చరరు విన్నాడు. "దీనివల్ల మీ జట్టుకేం లాభం? అసలు ఈ జాతే మా పుస్తకంలో లేదే!"

"మీ పుస్తకంలో పేజీలు పోయుంటాయి సార్."

ఆరాధన అప్పుడు తలెత్తి చూసింది. అంత ప్రాణమైన తుమ్ముల్ని వదులుకుని ఈయన దీన్నెందుకు ఎంచుకున్నట్టు? పక్కన వీరబాబు ఉన్నాడు. ఆదివారం మిల్లు మెస్సు ఉండదు, అడిగి తినే మనిషి కాడు, అందుకే ఆర్కుల రూలు. శ్రీరమ్య బస్సు తప్పితే ఇంట్లో ఇక పంపరు, అందుకే సగం ఎల్ఫుల రూలు. మరి రాతిమనుషులు పుట్టింది తలుపు పగిలిన మరుసటి వారమే! ఆరాధనకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ మిగిలిపోయిన జాతి అనుకుంది. కాదు, తన కొలతలకు కుట్టిన జాతి.

ఆట చివరికొచ్చింది. గుహలో బంగారు గుట్ట మీద డ్రాగన్, వెనక బందీలు. ఎల్ఫుల జట్లన్నీ బాణాలు వేసి బూడిదయ్యాయి. "మిమ్మల్ని నేనెందుకు వదలాలి?" అన్నాడు డ్రాగన్ వేషంలో ఉన్న లెక్చరరు. ఆర్కు పడిపోయాడు, సగం ఎల్ఫు పడిపోయింది. మిగిలింది రాతిమనిషి.

"నే... నేను మాట్లాడతాను," అంది ఆరాధన.

మొదలుపెట్టింది. మాట ఆగింది. వెనక వరసలో ఎవరో అందించబోతే, "ష్! రూలుంది," అన్నాడు లెక్చరరే. ఖాజావలి తువ్వాలు సగం నోట్లో కుక్కుకుని కళ్ళు మిటకరిస్తున్నాడు. హాలంతా ఆగింది. ఆరాధన తొందరపడలేదు.

"ఆ బం... బంగారం మీద పడుకుంటే వీపుకు గుచ్చుకోదా? నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది? మా దగ్గర పేట దూది ప... పరుపుంది. బేరం తర్వాత. ముందు పడుకుని చూడు. కళ్ళు మూసుకో."

లెక్చరరు చేతిలో పాచికను చూశాడు, ఆరాధనను చూశాడు. పాచిక పక్కన పెట్టేసి బల్ల మీద తలవాల్చి కళ్ళు మూసుకున్నాడు.

"ని... నిద్రపోయినవాణ్ణి లేపకూడదు," అంది ఆరాధన. బందీలు బయటికి నడిచారు.

హాలు దద్దరిల్లింది. వీరబాబు బల్లెక్కాడు. ఖాజావలి తువ్వాలు తీసి, తుమ్మినట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాడు.

తిరుగు బస్సులో కప్పు ఆరాధన ఒళ్ళో ఉంది. ఏటుకూరు దాటాక అంది, "బాబాయ్, మీకూ ఒక జా... జాతి పెడుతున్నాను."

"ఆట నడిపేవాడికి జాతి ఉండదమ్మా, రూలుం..."

"టర్ను పోయింది!" అన్నారు వీరబాబు, శ్రీరమ్య ఒక్కసారే. ఖాజావలి నోరు మూసుకున్నాడు.

"పరుపులమనిషి. బ... బలం ఏంటంటే, ఎవరికెక్కడ గుచ్చుకుంటోందో అడక్కుండానే తెలుసుకుంటాడు. ఇక బలహీనత..."

అక్కడ ఆగింది. ఈసారి మాట తనంతట తాను ఆగలేదు, ఆరాధనే ఆపింది. తీరుబడిగా కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చుంది. ఏంటా బలహీనత అని అడగలేక ఖాజావలి సీట్లో మెలికలు తిరిగిపోతున్నాడు. యడ్లపాడు వచ్చింది, వెళ్ళింది. పేట కనిపిస్తోంది. ఆయన తువ్వాలు మళ్ళీ నోట్లోకి చేరింది.

రాతిమనిషి మాట ఇంకా పూర్తి కాలేదు మరి.