తలనొప్పికి హాజరు పట్టీ

ఇవాళ పొద్దున పదో తరగతిలో నల్లబల్ల మీద నలభై ఏడు వేసి వెనక్కి జరిగి చూశాను. నాలుగు ఉంది, ఏడు లేదు. ఏడు ఉండాల్సిన చోట ఒక వెలుగు గీత వంకరటింకరగా వణుకుతోంది. బడి వెనక కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి తోసుకొస్తోంది. ఇంకో ఇరవై నిమిషాల్లో కుడి కణతలో పోటు మొదలవుతుందని నాకు తెలుసు. "నాకు తలనొప్పి వస్తోంది. మిగతా లెక్క మీరే చెయ్యండి" అని పిల్లలతో చెప్పి కూర్చున్నాను. ముందు బెంచీ వాళ్ళు అలవాటుగా లేచి కిటికీ రెక్కలు మూశారు. ఆ ఒక్క వాక్యం నలుగురి ముందు మామూలుగా అనగలగడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అది నాకు నేర్పిన మనిషి పేరు సువార్తమ్మ. జగ్గయ్యపేటలో నేను మొదటి ఉద్యోగం చేసిన ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచరు. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

తొంభై ఆరులో నేను ఆ బళ్ళో లెక్కల మాస్టారుగా చేరాను. మాది చందర్లపాడు పక్కన ఒక పల్లె. వారానికోసారి అమ్మను చూసి రావడానికి వీలుగా ఉంటుందని నందిగామలో గది తీసుకుని, రోజూ పేటకు బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. నొప్పి ఇంటర్ చదివేటప్పుడే మొదలైంది. ముందు కళ్ళ ముందు మెరుపులు, తర్వాత తలలో ఒక పక్క మాత్రమే సమ్మెటపోట్లు, చివరికి వాంతి. ఆ తర్వాత ఒక పూటంతా చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకోవాలి. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. తలనొప్పికి మాత్రం సాక్ష్యం లేదు. "తలనొప్పేగా!" అని అందరూ అనేవాళ్ళు. తనదాకా వస్తేగాని తత్వం బోధపడదని ఊరికే అనలేదు. అమ్మ ఒక్కతే నమ్మేది గాని, ఆవిడ వైద్యం దిష్టి తియ్యడం. ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసి ఆ పొగ నా మొహాన ఊదితే, పోబోతున్న నొప్పి కాస్తా మళ్ళీ వచ్చి కూర్చునేది. గదిలో ఒంటరిగా పడి ఉన్నప్పుడు, నేను చచ్చిపోయినా గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు గుమ్మంలో మిగిలిపోయిన పొద్దుటి పాలప్యాకెట్టు చూసేదాకా తెలుసుకోరని ఏడ్చిన రోజులున్నాయి.

ఒక శనివారం మధ్యాహ్నం ఏడో తరగతి మధ్యలోంచి పరుగెత్తుకెళ్ళి కుళాయి వెనక వాంతి చేసుకున్నాను. వెలుగు భరించలేక నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని నడిచాను. మేనేజిమెంటు మనుషులెవరో చూశారు. సోమవారానికల్లా నేను తాగుబోతునైపోయాను. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబాలో లారీవాళ్ళతో కూర్చుని ఉంటే కళ్ళారా చూశామన్నవాళ్ళు కూడా తయారయ్యారు. గరికపాడులో నేను బస్సు కూడా దిగి ఎరగను. కరస్పాండెంటుగారు స్టాఫ్‌రూమ్ గుమ్మంలోనే నిలబడి, అందరూ వింటుండగా అన్నారు.

"మాస్టారూ, ఒక్క నెల చూస్తా. ఇట్టాగే ఉంటే మీ దారి మీరు చూసుకోండి."

ఎవరూ తలెత్తలేదు. మూలన కూర్చున్న సువార్తమ్మగారు కూడా రికార్డు పుస్తకాల్లోంచి తల ఎత్తలేదు. ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకో బడి దొరకదు. తాగుబోతన్న పేరు నాకంటే ముందే నందిగామ చేరుతుంది, అక్కణ్ణించి మా ఊరూ చేరుతుంది.

అప్పటికి సువార్తమ్మగారికి యాభై దాటాయి. గంజిపెట్టిన నేత చీర, బిగించి వేసిన ముడి, పెదవి విప్పితే పాఠమే. భర్త పెళ్ళైన కొద్దికాలానికే పోయారు. పిల్లల్లేరు. నందిగామలో చర్చి వెనక సందులో ఒక్కరే ఉండేవారు. రాబోయే వేసవిలో పెద్ద మాస్టారు దిగిపోతారని, ఆ తర్వాత హెడ్మిస్ట్రెస్ ఆవిడేనని అందరికీ తెలుసు. ఆవిడ చాదస్తాల మీద పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. పదిన్నరకు పిడుగులు పడుతున్నా రెండు బిస్కెట్లు తినాల్సిందే. పూలు పెట్టుకున్న ఆడపిల్లల్ని వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. బస్సులో కుడివైపు సీట్లు ఖాళీగా ఉన్నా ఎడమవైపు నిలబడి వచ్చేవారు.

ఆ సోమవారం సాయంత్రం బస్సులో ఆవిడ తన పక్క సీటు చూపించి, "ఇటొచ్చి కూర్చోండి మాస్టారూ. అటువైపు చెట్ల సందుల్లోంచి ఎండ తెరలు తెరలుగా కొడుద్ది" అన్నారు. కూర్చున్నాను. బస్సు ఊరు దాటింది. తర్వాత రోడ్డు వైపే చూస్తూ అడిగారు.

"వాంతికి ముందు కళ్ళ ముందు మెరుపులొస్తయ్యా?"

ఆ సంగతి నేను డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. "మీకెట్టా తెలుసండీ?" అన్నాను.

"నా ఇరవై నాలుగో ఏట నుంచీ వస్తున్నయ్. దీన్ని మైగ్రేన్ అంటారు. తాగుడు కాదు, దిష్టి కాదు, పిచ్చీ కాదు."

ఇరవై ఐదేళ్ళ మగవాణ్ణి, బస్సు నిండా జనం, నాకు ఏడుపొచ్చేసింది. నొప్పి తగ్గుతుందని కాదు, నమ్మే మనిషి దొరికిందని. ఆవిడ ఓదార్చలేదు. సంచీలోంచి బిస్కెట్ల పొట్లం తీసి నా చేతిలో పెట్టి కిటికీవైపు తిరిగారు.

మర్నాడు ఆవిడ సగం పేజీలు ఖాళీగా మిగిలిన పాత అటెండెన్సు రిజిస్టరు ఒకటి తెచ్చారు. "క్లాసులో అల్లరైన రోజు ఎవరెవరున్నారో చూసుకుంటే అల్లరి ఎవరిదో తెలుసుద్ది కదండీ. దీనికీ అంతే. రోజూ హాజరు వెయ్యండి" అన్నారు. పిల్లల పేర్లుండే చోట ఇద్దరం కలిసి అనుమానితుల పేర్లు రాశాం. ఒకటో నంబరు నిద్ర చాలకపోవడం. రెండు ఎండ. మూడు కాఫీ. నాలుగు అగరొత్తులు. ఐదు సంపెంగలు. ఆరు బస్సు కిటికీ. అందరికన్నా కింద ఎర్ర సిరాతో తలనొప్పి. రోజూ సాయంత్రం బస్సులో ఆవిడ టీచరయ్యి పేరుపేరునా పిలిచి "వచ్చాడా?" అని అడిగితే నేను జవాబు చెప్పేవాణ్ణి. నేనెప్పుడూ తిట్టుకునే కాఫీ పాపం బుద్ధిమంతుడని తేలింది. సంపెంగ మాత్రం వచ్చిన ప్రతిసారీ గొడవ చేసి వెళ్ళింది. ఆ కొద్ది రోజులూ నేను నొప్పి గురించి నవ్వుతూ మాట్లాడాను. అంతకుముందు అలాంటిది జరగలేదు.

నాలుగో వారం చివర ఆవిడ రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. నాలుగు శనివారాలూ ఎర్ర సిరా హాజరు ఉంది. నాలుగింట్లో రెండుసార్లు పై పేర్లన్నీ గైర్హాజరే.

"ఇందులో పేరు లేనివాడెవడో శనివారం క్లాసులోకొస్తున్నాడు మాస్టారూ" అన్నారు.

ఆ పేరు నాకు వెంటనే తట్టింది. నోటికి రాలేదు. నా తలనొప్పి పోవాలని అమ్మ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. నేను నలభై శనివారాలు దీపం పెట్టే వేళదాకా పచ్చి మంచినీళ్ళతో ఉండాలి. అప్పటికి ఇరవై మూడయ్యాయి. మొక్కు మొదలైన దగ్గర్నుంచీ నొప్పి పెరిగిందేగాని తగ్గలేదు. అది స్వామి పరీక్ష అని అమ్మ అనేది, నేనూ నమ్మాను. లెక్కల మాస్టారునయ్యుండీ, మందనుకున్న ఉపవాసం రోజునే రోగం వస్తోందన్న చిన్న లెక్క నాకు తట్టలేదు. ఉపవాసాన్ని ఆ జాబితాలో రాయడమే అపచారమనుకున్నాను. చివరికి చెప్పాక ఆవిడ నిట్టూర్చారు.

"రెండో వారానికే అనుకున్నానండీ. మీ దేవుడి విషయంలో నేను నోరు పెడితే ఎట్టా ఉంటదో తెలుసు. మీరే చెబుతారని ఆగా."

స్వరం తగ్గించి మళ్ళీ అన్నారు. "ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో మావాళ్ళూ ఉపవాసాలుంటారు. నాకు పొద్దున కడుపులో ఏదో ఒకటి పడకపోతే మధ్యాహ్నానికి కళ్ళు కనపడవు. వంటింటి తలుపేసుకుని రెండు ఇడ్లీ తిని ప్రార్థనకు పోతా. పద్దెనిమిదేళ్ళ నుంచి ఇదే వరస. పాస్టరుగారు నా ఉపవాసం గురించి నలుగురికీ చెబుతుంటే తల వంచుకు కూర్చుంటా."

"దేవుడికి తెలుసుగదండీ."

"ఆయనకు తెలుసు. ఆయనతో నాకు పేచీ లేదు. మనుషులతోనే."

ఆ ఆదివారం ఊరెళ్ళి, భయపడుతూనే అమ్మతో చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. అరుస్తుందనుకున్నాను. "ఎన్నైనయ్‌రా?" అని మాత్రం అడిగింది. ఇరవై మూడన్నాను. "మిగతా పదిహేడూ నేనుంటాలే. మొక్కింది నేనేగా. నువ్వు తిను" అని చేట పక్కకు పెట్టి నాకు అన్నం వడ్డించడానికి లేచింది. తర్వాతి శనివారం పొద్దున్నే ఉప్మా తిని బడికెళ్ళి, రోజంతా కణత తడుముకుంటూ గడిపాను. నొప్పి రాలేదు. పూర్తిగా పోయిందని కాదు, అది నన్ను వదిలే రకం కాదు. నెలకు ఏడెనిమిదిసార్లు వచ్చేది రెండు మూడుకు దిగింది. కరస్పాండెంటుగారు నెల తిరిగాక పిలిచి "సరేలెండి, ఆరోగ్యం చూసుకోండి" అని వదిలేశారు. నా నడవడిక చూసి మెత్తబడ్డారనుకుని లోలోపల పొంగిపోయాను.

ఆ వేసవిలో హెడ్మాస్టరు పదవి బయటినుంచి తెచ్చిన ఒకాయనకిచ్చారు. సువార్తమ్మగారిని పదో తరగతి నుంచి తప్పించి ఆరో తరగతికి వేశారు. నేనే పెద్ద మొనగాడిలా బస్సులో "మీరు గట్టిగా అడగాల్సిందండీ, మరీ మెతకైపోయారు" అని సలహా కూడా ఇచ్చాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. కొన్నేళ్ళకు ఆవిడ రిటైరయ్యారు. నాకు డీఎస్సీలో ఉద్యోగమొచ్చి రెడ్డిగూడెం వైపు వెళ్ళిపోయాను.

రెండు వేల ఐదులో నందిగామ బస్టాండులో మా పాత బడి అటెండరు కనిపించి, టీ తాగుతూ మాటల్లో బయటపెట్టాడు. నాకు నెల గడువిచ్చిన ఆ రోజుల్లోనే సువార్తమ్మగారు కరస్పాండెంటు గదిలోకెళ్ళి, "ఆ మాస్టారు తాగడు. నాకూ అదే జబ్బు, ముప్పై ఏళ్ళుగా ఉంది. నన్ను నమ్మితే ఆయన్నీ నమ్మండి" అన్నారట. వేసవిలో పదవి సంగతి వచ్చినప్పుడు కరస్పాండెంటుగారు, "మంచమెక్కే మనిషికి బడెట్టా అప్పజెబుతాం?" అన్నారట. గ్లాసు అక్కడ పెట్టేసి నేరుగా చర్చి వెనక సందులోకి వెళ్ళాను. ఆవిడ తలుపులు దగ్గరగా వేసుకుని, తడిగుడ్డ నుదుటికి కట్టుకుని కూర్చుని ఉన్నారు.

"నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే మీరు పౌరుషానికి పోయి మానేసేవాళ్ళు. ఇద్దరం పోయేవాళ్ళం." నుదుటి మీద తడిగుడ్డ సర్దుకుని, "అయినా ఆ గదిలోంచి బయటికొచ్చాక ఎంత తేలిగ్గా ఉందో తెలుసా మాస్టారూ. చర్చిలోనూ చెప్పేద్దామనుకున్నా. ఇప్పటికీ నోరు రాలేదు" అన్నారు.

మూడేళ్ళ తర్వాత ఆవిడ పోయారు. జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. పాస్టరుగారు ఆవిడ క్రమశిక్షణ, ఉపవాసాలు, ప్రార్థనలు అన్నీ చెప్పి, "ఏనాడూ తలనొప్పి అన్న మాట ఆ తల్లి నోట మనం వినలేదు" అన్నారు. అందరూ అవునన్నట్టు తలలూపారు. ఎవరైనా సాక్ష్యం చెప్పదలిస్తే లేవమన్నారు. నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఆవిడ దాచుకున్నది నేను బయటపెట్టకూడదని సర్దిచెప్పుకున్నాను గాని, నిజం అది కాదు. ఆ గదిలో అంతమంది కళ్ళు నావైపు తిరుగుతాయని భయపడ్డాను. భోజనం చేసి బస్సెక్కాను.

ఆ తర్వాతి సోమవారం నుంచే నా జబ్బు సంగతి పిల్లలకూ తోటి మాస్టర్లకూ చెప్పడం మొదలుపెట్టాను. ఎవరైనా బెంచీ మీద తల వాల్చితే నిజమా అబద్ధమా అని అడగను, ముందు పొద్దున ఏమైనా తిన్నావా అని అడుగుతాను. దీనివల్ల ఆ రోజు కూర్చుండిపోయిన తప్పు పోదని నాకు తెలుసు. అందుకే అక్కడ లేచి చెప్పాల్సిన మాట ఇక్కడ చెబుతున్నాను. సువార్తమ్మగారికి తలనొప్పి ఉండేది. నెలకు నాలుగైదుసార్లు చొప్పున నలభై ఏళ్ళు ఉంది. ఆ సంగతి ఆవిడ తన కోసం ఎవరితోనూ చెప్పుకోలేదు, నా కోసం చెప్పారు.