దేవకుమారి గారి ఇత్తడి పలకలు

వట్లూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పే దేవకుమారికి ల్యాబులోని రెండు గుండ్రటి ఇత్తడి పలకలంటే ప్రాణం. వాటి మధ్య చేతికి దొరికిందల్లా పెట్టి, పలకలు ఎంత విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతాయో కొలిచేది: అప్పడం, చేపల మేత సంచి ముక్క, ఒక క్రిస్మస్‌కి కేకు కింది అట్ట.

కరెంటును పారనివ్వని వస్తువులో కూడా విద్యుదావేశాలు ఉన్నచోటే కాస్త పక్కకు ఒరుగుతాయి. దాన్నే పోలరైజేషన్ అంటారు. పిల్లలకు ఆమె బస్సుతో చెప్పేది. కొల్లేటికోట వైపు కిక్కిరిసిన బస్సు బ్రేక్ వేస్తే ఒక్కరూ దిగరు, అందరూ ఒరుగుతారు. పలకల మధ్య ఆవేశాలు ఎంత ఒరిగాయో తెలియాలంటే, ఖాళీ పలకల రీడింగుకి ఎన్ని రెట్లు వచ్చిందో చూస్తే చాలు.

ఇప్పుడు ఆ ల్యాబు గదిని కంప్యూటర్లకు ఇచ్చేద్దామన్నారు. కాలేజీ సెక్రటరీ, తాడేపల్లిగూడెంలో రైసుమిల్లున్న కనకరత్నం గారు, స్వయంగా చూసి తేలుస్తానన్నారు.

పెద్దమనిషి వస్తుంటే ఏదీ కడగకుండా ఉంచకూడదని అటెండరు తోమా నమ్మకం. గచ్చు, బల్లలు కడిగిన ఊపులో పలకల మధ్య పెట్టే మామిడిచెక్క బిళ్ళను కూడా బకెట్లో నానబెట్టి, తుడిచి పెట్టేశాడు.

మూడు రెట్లు వస్తుందని ధీమాగా చెప్పి దేవకుమారి స్విచ్ వేసింది. పద్దెనిమిది రెట్లు వచ్చింది. మళ్ళీ వేస్తే ఇరవై. కనకరత్నం గారు వాచీ చూసుకున్నారు. గది పోయినట్టేననుకుంటూ బిళ్ళను బయటికి తీస్తే వేళ్ళకు చెమ్మ తగిలింది.

"శుభ్రంగా ఉండాలని కడిగానండి," అన్నాడు తోమా.

ఆమెకు నవ్వు పొంగుకొచ్చింది. బల్ల పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. "ఒరుగుతున్నది చెక్క కాదండీ, నీళ్ళండీ." నీళ్ళు చెక్క కంటే ఎన్నో రెట్లు ఒరుగుతాయని చెప్పింది.

కనకరత్నం గారు కుర్చీలోంచి లేచారు. "ఆగండి మేడం. మా మిల్లులో ధాన్యం తేమ చూసే మిషను చేసేదీ ఇదేనాండీ?"

"ఆ రకం మిషన్లలో చాలావాటికి ఇదేనండీ. గింజల్ని ఇలాంటి పలకల మధ్యే పోస్తారు."

"ఇన్నేళ్ళూ దాన్ని తిట్టుకుంటూ వాడుతున్నానండీ. లోపల ఇంత సరదా ఉందని ఒక్కడూ చెప్పలేదు."

ఆయన చేతిరుమాలు పొడిగా పెట్టి చూశారు, తడిపి చూశారు. తర్వాత తోమా తువ్వాలు అడిగారు. ఆయన కారు డ్రైవరు భోజనానికి పిలవడానికి వచ్చి, వాళ్ళ నవ్వులు చూసి తనూ అక్కడే నిలబడిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆయన కంప్యూటర్లను మేడ మీద పెట్టుకోమన్నారు.

సాయంత్రం ఏలూరు బస్సులో డ్రైవరు సడన్‌గా బ్రేక్ వేశాడు. అందరూ ఒరిగి అతన్ని తిట్టారు. దేవకుమారి ఒక్కతే పకపకా నవ్వింది.