మెత్తటి చేతుల గడియ

ఆమె అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆ మిట్టల మీద ఉన్న ఇళ్ళన్నిటికీ ఆమె పోలీసత్త. అనుమానం ఆమెకు పుట్టుకతోనే వచ్చిందో, పాడి పెట్టుకున్నాక అబ్బిందో చెప్పలేను గాని, పాలు కొనేవాడి కొలపాత్రను కూడా లోపల వేలు పెట్టి తడిమి చూసే మనిషి. దాణా బస్తా మూతి తను కట్టినట్టు లేకపోతే ఆ పూట ఇంట్లో అందరికీ విచారణే. అందరూ అంటే మొగుడొక్కడే.

ఆ మొగుడు కమ్మరి. ఆమె ఎంత అనుమానిస్తుందో ఆయన అంత నమ్ముతాడు. ఎవరి మీద ఏ ఫిర్యాదు తెచ్చినా "పోనీలేవే, పాపం" అనడమే ఆయన తీర్పు. పోయినేడు ఉన్నట్టుండి కొలిమి మూసేసి, పొగ పడటం లేదన్నాడు. జీవితమంతా పొగలోనే బతికినవాడికి ఇప్పుడు పడకపోవడమేమిటని ఆమెకు సందేహమే. కాని ఆధారం దొరక్క ఊరుకుంది.

వాళ్ళ పచ్చిక మధ్య నుంచి, ఆవు బయటికి పోకుండా పెట్టిన గేటు దాటుకుని ఒక కంకర దారి పోతుంది. మిట్ట ఎక్కి, పల్లం దిగి, వాగు పక్కన మెలిక తిరిగి మళ్ళీ మిట్ట ఎక్కుతుంది. తారు వేయండి మహాప్రభో అని ఎన్నేళ్ళు మొత్తుకున్నా వేసినవాడు లేడు. ఇప్పుడేమో ఆ కంకర కోసమే పట్నం నుంచి జనం వస్తున్నారు. ఆదివారం పొద్దున్నే, లావుపాటి గరుకు టైర్ల సైకిళ్ళు రాళ్ళ మీద కరకరలాడించుకుంటూ, ఒంటికి అతుక్కుపోయిన బట్టల్లో, చెమటలు కక్కుకుంటూ, పైగా నవ్వుకుంటూ!

"ఇంటి ముందు నున్నటి రోడ్డు పెట్టుకుని రాళ్ళ మీద తొక్కడానికి ఇంత దూరం ఎవడొస్తాడు? భూములు చూసుకోడానికే వస్తున్నారు," అని తేల్చేసింది పోలీసత్త.

ఆ గుంపుకు పెద్ద ఒక పళ్ళ డాక్టరమ్మ. "లారీల రోడ్డు ఎక్కకుండా ఈ మిట్టలన్నీ చుట్టి రావాలంటే ఇదొక్కటే దారి పెద్దమ్మా. మీ గేటు దాటనివ్వకపోతే మాకు దారే లేదు," అని ఓపిగ్గా చెప్పింది. పోలీసత్త అంతా విన్నది. ఒక్క ముక్క నమ్మలేదు.

దారి అందరిదీ కాబట్టి ఆ గేటుకు తాళం వేయకూడదు. గడియ మాత్రం వేయాలి. అది కమ్మరి తన మంచి రోజుల్లో చేసిన గడియ. తీయడం తేలికే, కాలితో ఒక్కటి తన్నితే ఊడి వస్తుంది. వేయడమే గండం. ఒక చేత్తో స్ప్రింగు బిగించి నొక్కిపట్టి, రెండో చేత్తో ఇనప కడ్డీని ఎత్తి గాడిలో పడేయాలి. సైకిళ్ళవాళ్ళు ఇద్దరేసి పట్టి, పళ్ళు బిగించి వేసేవారు. వాళ్ళ తంటాలు చూసి కమ్మరి మురిసిపోయేవాడు.

అలాంటి గేటు ఒక సోమవారం బార్లా తెరిచి కనిపించింది. నిండు చూలుతో ఉన్న ఆవు లేదు. ఆ ఇంటిని నిలబెట్టేది ఆ ఆవే, దాని పాలే. వెతగ్గా వెతగ్గా వాగు గట్టు అంచున దొరికింది, ముందు కాలు గీరుకుపోయి, బెదురు చూపులు చూస్తూ. ఇంకొక్క అడుగు వేసి ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదు.

"ఆ సైకిళ్ళవాళ్ళే! చేతుల్లో బలం లేని వెధవలు!" అన్నాడు కమ్మరి. గట్టిగా అన్నాడు. ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

ఆమెకు అక్కడే ఏదో గుచ్చుకుంది. కాని కోపంలో పట్టించుకోలేదు. పై ఆదివారం, ఇంకోసారి ఇలా జరిగితే రోడ్ల ఆఫీసుకు వెళ్ళి దారే మూయిస్తానని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "మేం వేసే వెళ్ళాం పెద్దమ్మా, ఒట్టు," అంది. దొంగ ఒట్టు ఎవరికి తెలియదు!

ఆ రోజు సైకిళ్ళు వెళ్ళిపోయాక పోలీసత్త పాత స్వెట్టరులోంచి ఎర్ర ఊలు పోగు లాగి, గేటుకీ స్తంభానికీ కలిపి వదులుగా చుట్టింది. బుధవారం చూస్తే పోగు లేదు. తెగి పడి ఉంటే వేరే సంగతి, అసలు లేనే లేదు. గడియ వేయలేదు. గేటుకు ఒక రాయి మాత్రం అడ్డం పెట్టి ఉంది. ముందురోజు వాన పడి దారంచున బురదగా ఉంది, అందులో టైరు గీత ఒక్కటీ లేదు. చెప్పుల ముద్రలున్నాయి, ఎడమ మడమ అరిగిన చెప్పులు. ఆ చెప్పులు రోజూ తన గుమ్మం ముందే ఉంటాయి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఈశ్వరుడికి ఇంత తీరిక ఎక్కడిది? మర్నాడు మధ్యాహ్నం మొగుడు గేటు దాటగానే ఆమె వెనకాలే బయలుదేరింది. తాగుడు మొదలుపెట్టాడా? ఎవరికైనా భూమి చూపిస్తున్నాడా? ఈ వయసులో ఇంకో సంసారమా?

ఆయన నేరుగా మూసేసిన కొలిమికి వెళ్ళాడు. తలుపు సందులోంచి చూసింది. ఆయన చిన్న సుత్తి తీసుకుని పైకెత్తబోయాడు. అది చేతిలోంచి జారి కింద పడింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ పడింది. కాసేపు దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగాడు. ఆమె పొద చాటున నక్కింది. ఆయన స్ప్రింగు నొక్కబోతే వేళ్ళు మడత పడలేదు. మోచేత్తో నొక్కాడు. గడ్డం ఆనించి, ఒళ్ళంతా బరువేసి నొక్కాడు. కడ్డీ గాడి దాకా వచ్చి జారిపోయింది. అటూ ఇటూ చూసి, రాయిని కాలితో తోసి గేటుకు అడ్డం పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఇంటికి నడిచాడు.

మొదట ఆమెకు ఒళ్ళు మండింది. పచ్చి అబద్ధం! వాగులో పడాల్సిన ఆవు! ఆ తర్వాత ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగడం, బొత్తాల చొక్కాలు మానేయడం. టీ వేడిగా లేదని దెప్పడానికే గ్లాసు అలా పట్టుకుంటున్నాడనుకుని పోట్లాడింది కూడా. ఇంతమందిని అనుమానించింది, పక్కనున్న మనిషి చేతుల వంక ఒక్కసారి చూడలేదు. పొద వెనక కూలబడి ఏడ్చింది. జీవితంలో మొదటిసారి తన అనుమానం తప్పయి ఉంటే బాగుండునని కోరుకుంది.

లేచి గడియ తనే వేసి ఇంటికి వెళ్ళింది.

ఆదివారం సైకిళ్ళు రాగానే గేటుకు అడ్డంగా నిలబడింది. కమ్మరి పక్కనే ఉన్నాడు.

"మళ్ళీ తీసి పడేసి పోయారు! మీవి చేతులా, వెన్నముద్దలా?"

"పెద్దమ్మా, నిజంగా మేము..."

"మాట్లాడకు! ఈయన చేసిన గడియ మీలాంటివాళ్ళ కోసం కాదమ్మాయ్. ఒక్క వేలితో పడిపోయే గడియ తెచ్చి బిగించండి. లేదంటే దారి మూయిస్తా."

డాక్టరమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. ఆమె చూపు కమ్మరి చేతుల మీద పడింది. ముడులు కట్టిన కీళ్ళ మీద ఒక్క క్షణం నిలిచింది. కమ్మరి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తప్పు మాదే పెద్దమ్మా. మావి మెత్తటి చేతులు," అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

పై ఆదివారం కొత్త గడియ వచ్చింది. వాళ్ళే బిగించి, వేసి చూపించి, చక్రాలు కరకరలాడించుకుంటూ మిట్ట దిగిపోయారు. కమ్మరి దాని చుట్టూ తిరిగి చూశాడు. "ఇదీ ఒక గడియేనా, పిల్లలు ఆడుకునే బొమ్మ!" అని మణికట్టుతో తోశాడు. టక్కున పడింది. తీశాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ తీసి మళ్ళీ వేశాడు. ఆమె ఆవు మెడ నిమురుతూ అటు తిరిగి నిలబడింది.

"పాపం, పట్నంవాళ్ళు. బలం ఎక్కడినుంచి వస్తుంది," అన్నాడు.

"ఏం చేస్తామయ్యా. అందరూ నీలా ఉంటారా," అంది.

ఆయన రెండు అరచేతుల మధ్య ఏదో పట్టుకుని ఆమె ముందు చాపాడు. చూస్తే, ఎర్ర ఊలు పోగు.

"నువ్వు కట్టావని తెలుసు. తీయడమైతే తీశానే," అన్నాడు. "మళ్ళీ కట్టడం నా వల్ల కాలేదు."