అందరి పాలూ కలిసిన తొట్టి

సలోమె అత్త మా నాన్నకు అక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో మామయ్య పోయాక మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. అప్పటి రొమేనియాలోని బెస్సరాబియాలో, మా ఊరి జర్మన్ రైతులంతా కలిసి పాల సహకార సంఘం పెట్టుకున్నప్పుడు, వచ్చిన పాలు చూసి తీసుకునే పని ఆవిడకు అప్పగించారు. ఆవిడ వద్దన్న పాల గురించి గొడవపడే ధైర్యం ఎవరికీ లేదు.

పొద్దున్నే అన్ని ఇళ్ళ క్యాన్లూ వచ్చేవి. పాలన్నీ ఒకే తొట్టిలో పోసి, మీగడ తీసి, వెన్న చేసి గలాట్స్ రేవుకు పంపేవారు. మీగడ తీసిన పాలు ఇళ్ళకు తిరిగి వెళ్ళేవి. చంటిపిల్లలకూ పందులకూ అవే. ఏ ఇంటి పాలు ఏ ఇంటికి చేరాయో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదు.

గోధుమ నిలువునా ఎండిపోయిన ఏడాది అది. ఊరు పాలమీదే బతుకుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన అయి అందరూ భోజనాలకు కూర్చునే వేళ, మా నాన్న నతానియేల్ పరుగున వెళ్ళి అత్తను పిలుచుకొచ్చాడు. మా ఎర్రావు మేత మింగలేకపోతోంది. నోటివెంట చొంగ తీగలు తీగలుగా కారుతోంది. గొంతులో మొక్కజొన్న కండె ఇరుక్కుందని నాన్న అనుమానం. తను చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదట. అత్త చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా ఆవు నోట్లో పెట్టింది. పళ్ళకు రాసుకుని వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచింది. లోపల ఏమీ లేదు.

అప్పుడు ఆవు అరిచింది. బొంగురుగా, ఆవు అరుపులా లేని అరుపు. అత్త చెయ్యి బయటికి తీసి నాన్న మొహంలోకి చూసింది.

"ఒరేయ్, దీన్ని ఏదైనా కరిచిందా?"

గడప దగ్గర మా అమ్మ తలగుడ్డ కొస నోటికడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. వసంతకాలంలో మేతబీడులో దారిన పోయే కుక్క ఒకటి ఆవు ముట్టె మీద కరిచిందట. చిన్న గాటు. నాన్న వెనిగర్‌తో కడిగాడు, మానిపోయింది. బయటపెడితే ఆవును చంపించేస్తారని, ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పాడి అని ఊరుకున్నాడు. ఆ రోజు పొద్దున కూడా దాని పాలు తొట్టిలో కలిశాయి.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పకు. ఊళ్ళో నన్ను బతకనివ్వరు," అన్నాడు నాన్న.

అత్త బూడిద సబ్బుతో చెయ్యి రుద్దుకుంది. రక్తం వచ్చినా ఆపలేదు. తర్వాత తిన్నగా సంఘం అధ్యక్షుడు ఇమ్మానుయేల్ ఫ్లైగ్ ఇంటికి నడిచింది.

ఫ్లైగ్ మొహం సున్నం కొట్టినట్టయింది. పశువైద్యుడు వచ్చి తేల్చేదాకా ఎవరితోనూ అనొద్దన్నాడు. ఈ మాట గలాట్స్ చేరితే మన వెన్న వంక ఎవడూ చూడడనీ, ఇంతమంది నోటి దగ్గర కూడు పోతుందనీ బతిమాలాడు.

"వైద్యుడు ఎప్పుడొస్తాడో ఏమో ఫ్లైగ్ గారూ. పిల్లలు ఇవాళ సాయంత్రం తాగుతారు," అంది అత్త.

ఆవిడే వెళ్ళి ప్రార్థన మందిరం గంట కొట్టింది. వేళకాని వేళ గంట మోగితే నిప్పంటుకుందనుకుని జనం బక్కెట్లతో వచ్చారు. అత్త మెట్ల మీద నిలబడి, కుక్క కరిచి పిచ్చెక్కిన ఆవు ఎవరిదో, ఎవరు దాచారో, పాలు ఎక్కడికి పోయాయో చెప్పింది. తమ్ముడి పేరు రెండుసార్లు చెప్పింది.

రెబెక్కా అనే బాలింత, బిడ్డను గుండెకు అదుముకుని ముందుకొచ్చింది.

"పొద్దున దీనికి ఆ పాలే పట్టాను. కాచలేదు. ఏమవుతుంది వదినా?"

"నాకు తెలీదమ్మా," అంది అత్త.

వెనకనుంచి ఎవరో, అక్కాతమ్ముడూ కలిసి ఊరందరికీ బాగానే తాగించారన్నారు. నాన్న తలెత్తలేదు.

తొట్టిలో పాలు, గదిలో వెన్న అంతా గుంటలో పోసి సున్నం చల్లి పూడ్చారు. మర్నాడు జెండర్మ్ పోలీసు వచ్చి ఆవును కాల్చేశాడు. జిల్లా డాక్టరు, పాలవల్ల పెద్దగా ప్రమాదం ఉండదన్నాడు. అసలు ఉండదా అని ఆడవాళ్ళు నిలదీస్తే, ఉండదని ప్రమాణం మాత్రం చెయ్యలేనన్నాడు. ఆవు నోట్లో చెయ్యి పెట్టినవాళ్ళు మాత్రం వెంటనే కిషినేవ్ ఆసుపత్రికి వెళ్ళి సూదులు వేయించుకోవాలన్నాడు. అంటే నాన్న, అత్త.

అక్కడ రోజూ పొట్టమీద సూది. దానికంటే పక్కగది భయం ఎక్కువ. ఎక్కడో పల్లెనుంచి ఆలస్యంగా వచ్చిన గొర్రెల కాపరి ఉన్నాడు అందులో. దాహం దాహమని అడిగేవాడు, చెంబు చూడగానే కేకలు పెట్టేవాడు. మూడో రోజుకు ఆ గది నిశ్శబ్దమైపోయింది. నాన్న మూట సర్దుకుని స్టేషన్‌కు బయల్దేరాడు. అత్త గుమ్మానికి అడ్డం కూర్చుంది.

"నువ్వు పోతే నేనూ వచ్చేస్తాను. ఇద్దరం కలిసే పిచ్చెక్కి చద్దాం. పద," అంది.

నాన్న మూట దించాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నీళ్ళు తాగేవారట. ఒకరి గొంతు ఒకరు చూసుకుంటూ, గుటక దిగిందా లేదా అని.

ఊరికి తిరిగొస్తే ఎవరూ చెయ్యి కలపలేదు. ఇంటింటా అదే భయం. పిల్లలెవరైనా నీళ్ళు వద్దంటే చాలు, తల్లి వణికిపోయేది. ద్రాక్ష కోతలప్పుడు రెబెక్కా బిడ్డకు జ్వరం తగిలి పాలు తాగడం మానేసింది. వీధంతా ఆ ఇంటి ముందు నిలబడింది. అత్త మాత్రం వెళ్ళలేదు. కిటికీ వెనక నిలబడి చూస్తూ ఉంది. తెల్లవారాక బిడ్డ చిగురులో పన్ను కనబడింది.

చలికాలం గడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు. మూతపడ్డ పాలకేంద్రం మళ్ళీ తెరవడానికి సభ పెట్టినప్పుడు అత్త ఒక్కటే కోరింది. ఎవరి ఆవైనా కుక్కకాటుకో రోగానికో గురై చంపాల్సి వస్తే, ఆ నష్టం సంఘం మొత్తం పంచుకోవాలని.

"నతానియేల్ లాంటి దొంగ కోసమా?" అన్నాడొకడు.

"అవును, వాడికోసమే. వాడు దొంగ కాదు, పిరికివాడు. మీలో పిరికివాళ్ళు లేరా? నేనైతే ఇప్పటికీ పిరికిదాన్నే," అంది అత్త.

అందరికంటే ముందు ఫ్లైగ్ చెయ్యెత్తాడు. ఆ కట్టుబాటు నిలిచింది. నాన్న మాత్రం మళ్ళీ ఆవును కొనలేదు. గొర్రెలు పెంచుకున్నాడు. చచ్చేదాకా అక్కతో మాట్లాడేటప్పుడు కళ్ళు దించుకునే ఉండేవాడు.

కొన్నేళ్ళకు ఒక ఉదయం, సభలో దొంగ అన్న ఆ మనిషే వట్టి చేతులతో కేంద్రానికి వచ్చాడు. తన ఆవును నిన్న బీడులో కుక్క కరిచిందనీ, పాలు పొయ్యలేదనీ, కట్టేసి వచ్చాననీ చెప్పాడు. అత్త మంచిపని చేశావంది. అతను వెళ్ళాక తలుపు మూసి, తొట్టి అంచు పట్టుకుని నేలమీద కూలబడింది. ఆ పూట పాలు తీసుకోవడం ఆలస్యమైంది. బయట వరసలో ఉన్నవాళ్ళెవరూ తొందరపెట్టలేదు.